ఒకే సూది, ఒక్కో రాష్ట్రంలో ఒక్కో లెక్క: డ్రై నీడ్లింగ్‌కి ఎంత శిక్షణ కావాలి?

పోయిన వేసవిలో రెడ్మండ్ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. డాలస్‌లో ఉన్నన్నాళ్లూ మెడ పట్టేసినప్పుడల్లా ఇంటి దగ్గరి ఫిజికల్ థెరపీ క్లినిక్‌కి వెళ్లి, పట్టేసిన కండరంలో సన్నటి సూది పెట్టే డ్రై నీడ్లింగ్ చేయించుకునేవాడు. ఉద్యోగం మారి వాషింగ్టన్ రాష్ట్రానికి వచ్చాక కొత్త క్లినిక్‌లో అదే అడిగితే, అక్కడి థెరపిస్టు "నాకింకా ఆ అనుమతి లేదు, శిక్షణ నడుస్తోంది" అన్నారట. ఆమెకి పదిహేనేళ్ల అనుభవం. డాలస్‌లో సూదులు పెట్టినాయన డిగ్రీ అయి మూడేళ్లే. "అదేంటక్కా, ఒకే దేశం, ఒకే డిగ్రీ, ఒకే సూది. నువ్వూ ఫిజియోవే కదా, చెప్పు" అన్నాడు.

ఫోన్‌లో ఏదో సర్దిచెప్పాను కానీ, నాకే తృప్తిగా లేదు. వాడి ప్రశ్నలో చాలా విషయం ఉంది. అమెరికాలో ఫిజికల్ థెరపిస్టుకి లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రం. రాసే పరీక్ష, ఎన్‌పీటీఈ, దేశమంతటికీ ఒకటే. కానీ పాసైన మనిషి ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో చెప్పేవి ఆ రాష్ట్ర చట్టం, ఆ రాష్ట్ర బోర్డు. చేత్తో కండరాన్ని నొక్కడం మీద, మెషిన్ పెట్టడం మీద, వ్యాయామం చేయించడం మీద ఎక్కడా పేచీ లేదు. చర్మం దాటి సూది లోపలికి వెళ్లే దగ్గరే పేచీ మొదలవుతుంది.

సూదిలో మందు ఉండదు

డ్రై అనే మాట అందుకే వచ్చింది. ఇంజెక్షన్ సూది లోపల బోలుగా ఉంటుంది, మొన ఏటవాలుగా కోసి ఉంటుంది. డ్రై నీడ్లింగ్ సూది లోపల బోలు ఉండదు, సన్నటి తీగలా ఉంటుంది. రక్తపరీక్షకి వాడే సూది దీనికంటే రెండు మూడు రెట్లు లావు. ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి చర్మం మీద ఆనించి, వేలితో ఒక్క తట్టు తడితే చర్మం దాటుతుంది. చాలామందికి ఆ క్షణం తెలియదు కూడా.

గురి ఎక్కడికంటే కండరంలో తాడులా గట్టిపడిన పోగు మీదికి. వేళ్లతో తడిమితే అది దొరుకుతుంది. అందులో ఒక చోట నొక్కితే ప్రాణం లేచొస్తుంది, ఒక్కోసారి నొప్పి అక్కడ కాకుండా ఇంకోచోట తెలుస్తుంది. భుజం పైన ఉన్న ముడిని నొక్కితే కణత దగ్గర తలనొప్పి పుట్టినట్టు. దాన్నే ట్రిగ్గర్ పాయింట్ అంటారు. ఈ శాస్త్రానికి పెద్ద దిక్కు జానెట్ ట్రావెల్ అనే అమెరికన్ డాక్టర్. అధ్యక్షుడు కెన్నెడీ నడుమునొప్పికి వైద్యం చేసి, ఆయన హయాంలో వైట్‌హౌస్ వైద్యురాలైన మనిషి ఆమె. ఆమె ఆ ముడుల్లోకి మత్తుమందు ఎక్కించేవారు. 1979లో చెక్ వైద్యుడు కారెల్ లెవిట్ ఒక పరిశోధనా వ్యాసంలో, ఉపశమనం మందు వల్లే రావక్కర్లేదు, సరైన చోట పడితే ఉత్త సూది గుచ్చుకోవడం కూడా ఆ పని చేస్తుంది అని రాశారు. మందు అక్కర్లేదన్నాక, మందు ఇచ్చే అధికారం లేని ఫిజికల్ థెరపిస్టులకి కూడా దారి తెరుచుకుంది.

ఇది పనిచేస్తుందా? కొంతవరకు. 2017లో అచ్చైన ఒక సమగ్ర సమీక్షలో, ఏ వైద్యమూ లేకపోవడంతోనో ఉత్తుత్తి సూదితోనో పోలిస్తే మొదటి 12 వారాల్లో నొప్పి తగ్గుతుందని తేలింది. సాక్ష్యం నాణ్యత మాత్రం చాలా తక్కువ నుంచి ఓ మాదిరి వరకే. పనులు చేసుకోగలగడంలో ఇతర ఫిజియోథెరపీ చికిత్సలకంటే ఇది మెరుగని తేలలేదు. నా అనుభవంలో కూడా, సూది ఒక తలుపు తెరుస్తుంది. ఆ తర్వాత వ్యాయామం చేయని మనిషికి ముడి మళ్లీ కడుతుంది.

ఎవరి సూది ఇది?

ఆక్యుపంక్చర్ చేసేవాళ్ల చేతిలో ఉండేదీ ఇదే సూది. వాళ్ల వాదన సూటిగా ఉంటుంది. అమెరికాలో ఆక్యుపంక్చర్ మాస్టర్స్ అంటే సుమారు 1,900 గంటల చదువు, అందులో 660 గంటలు క్లినిక్‌లోనే. మేం అన్నేళ్లు చదివి లైసెన్స్ తెచ్చుకున్న పనిని మీరు వారాంతంలో నేర్చుకుని, పేరు మార్చి చేస్తారా అని వాళ్లడుగుతారు. డాక్టర్లు తమ వైద్యంలో ఆక్యుపంక్చర్ వాడుకోవాలన్నా కనీసం 200 గంటల శిక్షణ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది.

ఫిజికల్ థెరపిస్టుల జవాబు కూడా తీసేయదగ్గది కాదు. మేం చైనా వైద్యం చెప్పే "చీ" అనే ప్రాణశక్తి గురించి, అది పారే మార్గాల గురించి ఆలోచించం. కండరం, నరం, నొప్పి ఎలా ప్రయాణిస్తుంది అన్నవే మా లెక్క. శరీరనిర్మాణం మూడేళ్లు చదివాం, శవాన్ని కోసి చూశాం, మళ్లీ మొదటి నుంచి ఎందుకు చదవాలి అంటారు. ఈ వాదనకి బలమైన ఆధారం ఒకటుంది. రాష్ట్రాల బోర్డుల సమాఖ్య, ఎఫ్‌ఎస్‌బీపీటీ, ఒక పరిశోధనా సంస్థతో అధ్యయనం చేయించి 2015లో నివేదిక తెచ్చింది. డ్రై నీడ్లింగ్ సురక్షితంగా చేయడానికి కావలసిన జ్ఞానంలో 86 శాతం ఫిజికల్ థెరపీ డిగ్రీలోనే వస్తుందని అందులో తేల్చారు.

ఆ 86ని ఎవరికి కావలసినట్టు వాళ్లు చదువుకున్నారు. థెరపిస్టులు 86 ఉంది కదా అన్నారు. ఆక్యుపంక్చర్ వాళ్లు 14 లేదు కదా అన్నారు. నివేదిక చదివితే మిగిలిన ఆ వాటాలో ఉన్నది ప్రధానంగా సూదికి సంబంధించిన విషయాలే: దాన్ని ఎలా పట్టుకోవాలి, ఎంత లోతు పోవాలి, ఎక్కడ పోకూడదు, తేడా వస్తే ఏం చేయాలి. ఈత గురించి పుస్తకంలో 86 శాతం నేర్చుకున్న మనిషిని చెరువులోకి తోయం కదా. అలాగని మొదటి పాఠం నుంచి మళ్లీ చదవమనడం కూడా న్యాయం కాదు. శిక్షణ ఆ మిగిలిన వాటా మీద పడాలి. ఇంతకంటే నాకు పెద్ద సిద్ధాంతమేమీ లేదు, కానీ చట్టాలు చూస్తే చాలావరకు ఈ చిన్న విషయం చుట్టూ తిరిగి తిరిగి వేరే చోట తేలాయి.

ఎందుకంటే నిర్ణయాలు తరగతి గదుల్లో జరగలేదు, చట్టసభల్లో, కోర్టుల్లో జరిగాయి. 2016 వసంతంలో ఏమైందో చూడండి. ఏప్రిల్‌లో వాషింగ్టన్ రాష్ట్ర అటార్నీ జనరల్, డ్రై నీడ్లింగ్ ఫిజికల్ థెరపిస్టుల పనిపరిధిలోకి రాదని అభిప్రాయం ఇచ్చారు. మే నెలలో టెక్సస్ అటార్నీ జనరల్, అది పరిధిలోకి వస్తుందని నిర్ణయించే అధికారం ఫిజికల్ థెరపీ బోర్డుకి ఉందని కోర్టు ఒప్పుకునే అవకాశమే ఎక్కువని చెప్పారు. జూన్‌లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్, ఇది శరీరంలోకి చొచ్చుకెళ్లే ప్రక్రియ కాబట్టి సూదులు రోజూ వాడే డాక్టర్లు, లైసెన్స్ ఉన్న ఆక్యుపంక్చరిస్టుల లాంటివాళ్లే చేయాలని తీర్మానించింది. మూడు నెలల్లో మూడు మాటలు. 2018 డిసెంబరులో నార్త్ కరోలినా సుప్రీంకోర్టు అక్కడి ఫిజికల్ థెరపీ బోర్డు పక్షాన తీర్పిచ్చింది. కాలిఫోర్నియాలో మాత్రం ఫిజికల్ థెరపిస్టు డ్రై నీడ్లింగ్ చేయకూడదు. మన తమ్ముడు రెడ్మండ్‌కి బదులు శాన్‌హోసే వెళ్లి ఉంటే, శిక్షణ నడుస్తోంది అనే జవాబు కూడా దొరికేది కాదు.

గంటల అంకెల్ని ఎలా చదవాలి

అరిజోనాలో 24 గంటలు. కొలరాడోలో 46, అవి ఎదురుగా కూర్చుని నేర్చుకున్నవే కావాలి. మేరీలాండ్‌లో 80. టెక్సస్‌లో బోర్డు అంకె పెట్టలేదు, చేసే పనికి తగిన సామర్థ్యం ఉండాల్సిన బాధ్యత థెరపిస్టు మీదే ఉంటుంది. వర్జీనియాలో నియమం ఇంకో రకం: ఇది డిగ్రీతో వచ్చే నైపుణ్యం కాదు, అదనపు శిక్షణ కావాలి అని చెప్పి, ఏమేం నేర్చుకోవాలో విషయాల పేర్లు రాసింది. అత్యవసర పరిస్థితిని ఎదుర్కోవడం, ఎవరికి చేయకూడదో తెలియడం, తడిమి గుర్తుపట్టడం, సూది పెట్టే పద్ధతి, శరీరం ఎలా స్పందిస్తుందన్నది. రోగి దగ్గర రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలి, ఇది ఆక్యుపంక్చర్ కాదని ఆ కాగితంలో స్పష్టంగా ఉండాలి. వర్జీనియా నుంచి పొటోమాక్ నది దాటి మేరీలాండ్‌లోకి అడుగుపెడితే 80 గంటల లెక్క: 40 పాఠాలు, 40 చేతిపని, పైగా ఫిజికల్ థెరపిస్టుగా రెండేళ్ల అనుభవం. రాష్ట్రాల మధ్య ఉన్న కాంపాక్ట్ ఒప్పందం కింద ఒక రాష్ట్రం లైసెన్స్‌తో ఇంకో రాష్ట్రంలో పనిచేసే వీలుంది. కానీ పనిచేసే చోటి నియమమే వర్తిస్తుంది. పొద్దున ఒక ఒడ్డున చేసిన పనిని సాయంత్రం ఇంకో ఒడ్డున చేయడానికి అర్హత లేకపోవచ్చు.

అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది టెన్నెసీ నియమం. పైపైన చూస్తే 50 గంటలు, దాని మీద 24 గంటలు, వెరసి 74. కొలరాడో 46 కంటే గట్టిదనిపిస్తుంది. 50 గంటల్లో ఏముందో చూస్తే కండరాలు, ఎముకలు, నరాల వ్యవస్థ, నొప్పికి శరీరనిర్మాణంలో ఉన్న మూలం, ట్రిగ్గర్ పాయింట్లు, అంటువ్యాధులు సోకకుండా జాగ్రత్తలు. ఇవి ఫిజికల్ థెరపీ చదువు పూర్తి చేస్తే సాధారణంగా తీరిపోయినట్టేనని ఆ నియమంలోనే రాసి ఉంది. అంటే కొత్తగా నేర్చుకోవాల్సింది 24 గంటలు. 74 అనే అంకె వినేవాళ్ల కోసం, 24 చేసేవాళ్ల కోసం. ఇందులో మోసమేమీ లేదు, అన్నీ బయటికే రాసి పెట్టారు. కానీ ఇంటర్నెట్‌లో తిరిగే పట్టికల్లో ఒక రాష్ట్రం పక్కన 74, ఇంకో రాష్ట్రం పక్కన 46 అని వేసి పోల్చేవాళ్లు పప్పు దినుసుల్ని, వండిన పప్పుని ఒకే తక్కెడలో తూస్తున్నారు.

టెన్నెసీలో నాకు నచ్చింది వేరే ఉంది. ప్రతి కోర్సూ శరీరంలో ఏయే భాగాలు నేర్పుతుందో, ప్రాథమికమా పైస్థాయిదా అన్నది చెప్పి తీరాలి. పిక్క కండరంలో సూది పెట్టడం నేర్చుకున్న మనిషికి పక్కటెముకల మధ్య పెట్టడం వచ్చినట్టు కాదు. ఈ ఒక్క వాక్యం 20 గంటల ఉపన్యాసం కంటే విలువైనది.

ఇల్లినాయ్ చట్టంలోనూ అవే విషయాలు, అవే 50 గంటలు కనిపిస్తాయి. ఒక రాష్ట్రం రాసుకున్న మాటల్ని ఇంకో రాష్ట్రం తెచ్చి పెట్టుకోవడం అమెరికా చట్టసభల్లో మామూలే. ఆ పైన మాత్రం ఇల్లినాయ్ చాలా దూరం వెళ్లింది: సూది మీదే 30 గంటల పాఠాలు, 54 గంటల చేతిపని, పర్యవేక్షణలో 200 గంటల రోగి చికిత్స, చివర్లో సామర్థ్య పరీక్ష. 54 అంకె కోర్సుల మార్కెట్‌కి తెలిసిన అంకే. చాలా శిక్షణ సంస్థలు ఒక లెవెల్‌ని శుక్ర, శని, ఆదివారాల్లో 27 గంటలుగా పెడతాయి. రెండు లెవెల్స్ కలిపితే 54.

ఫ్లోరిడా 2020లో చట్టం చేసింది. రెండేళ్ల అనుభవం, ముఖాముఖి 50 గంటల కోర్సులు, పర్యవేక్షణలో కనీసం 25 సిట్టింగులు. ఇంకొకరికి అప్పగించి చేయించకూడదు.

వాషింగ్టన్ సంగతికొస్తే, 2016 అభిప్రాయం తర్వాత ఏడేళ్లు అక్కడ తలుపు మూసే ఉంది. 2023లో చట్టసభ ఒప్పుకుంది, 2024 జూలై నుంచి ఎండార్స్‌మెంట్, అంటే లైసెన్స్ మీద అదనపు అనుమతి, ఇస్తున్నారు. దాని పేరులో డ్రై నీడ్లింగ్ అనే మాట లేదు, కండరంలో సూది పెట్టడం అనే అర్థమిచ్చే పేరు పెట్టారు. 100 గంటల పాఠాలు, ఎదురుగా కూర్చుని 75 గంటల సూది శిక్షణ, ఆపైన పర్యవేక్షణలో 150 గంటల చికిత్స, కనీసం 150 సిట్టింగులు. మొత్తం 325 గంటలు. ఆ థెరపిస్టుకి పదిహేనేళ్ల అనుభవం ఉండీ ఎదురుచూడాల్సి రావడానికి కారణం ఇదే.

325 ఎక్కడి నుంచి వచ్చింది? ఇన్ని గంటలు చేస్తే ప్రమాదాలు ఇంత తగ్గుతాయి అని కొలిచి పెట్టిన అంకె ఇది కాదు. 24 కూడా కాదు, 80 కూడా కాదు. రెండు వృత్తుల మధ్య బేరంలో ఎక్కడ రాజీ కుదిరితే అక్కడ అంకె ఆగింది. ఆక్యుపంక్చర్ సంఘాలు బలంగా పోరాడిన చోట పెరిగింది, ఫిజికల్ థెరపీ బోర్డు సొంతంగా నిర్ణయించుకున్న చోట తగ్గింది. అయినా వాషింగ్టన్ లెక్కలో మొదటి 100 కంటే చివరి 150 నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. ఫ్లోరిడా 25 సిట్టింగులు, ఇల్లినాయ్ 200 గంటలు, వాషింగ్టన్ 150 గంటలు: ఈ మూడు చోట్లా ఎవరో ఒక అనుభవజ్ఞుడు పక్కన నిలబడి, నిజమైన రోగి మీద, చేతి కదలికని చూస్తాడు. మిగతా చాలా చోట్ల ఆ మనిషి లేడు.

భుజం మీద రెండు అంగుళాల చోటు

పక్కన మనిషి ఎందుకుండాలో ఒక్క కండరంతో చెప్తాను. కంప్యూటర్ ముందు కూర్చునే ప్రతివాళ్లకీ పట్టేసే చోటది, మెడకీ భుజానికీ మధ్య ఉండే ట్రెపీజియస్ పైభాగం. రోగి బోర్లా పడుకుంటాడు. థెరపిస్టు ఒక చేతి బొటనవేలు, మిగతా వేళ్ల మధ్య ఆ కండరాన్ని ఇరికించి, లోపలి ఎముకల మీద నుంచి పైకి ఎత్తి పట్టుకోవాలి, పూరీపిండి ముద్దలో కొంత తెంపడానికి పట్టుకున్నట్టు. రెండో చేత్తో గొట్టం ఆనించి తట్టి, సూదిని తన వేళ్ల వైపుకే తోయాలి. ఆ సూది మొన ఎక్కడుందో ఇవతలి వేలికి కండరం గుండా తెలుస్తూ ఉండాలి. ముడి దొరికితే కండరం ఒక్కసారి ఎగురుతుంది, నీళ్లలో చేపపిల్ల తోక కొట్టినట్టు. రోగి "అబ్బా" అంటాడు, రెండో క్షణంలో భుజం వదులవుతుంది.

ఆ ఎత్తి పట్టుకోవడం మర్చిపోయి, సూదిని నిలువుగా కిందికి తోస్తే దాని దారిలో ఊపిరితిత్తి పైకొన ఉంటుంది. అది మెడ కింద అడ్డంగా ఉండే కాలర్‌బోన్ కంటే పైకి వచ్చి ఉంటుంది. ఛాతీ ముందువైపు కొన్ని చోట్ల ఊపిరితిత్తి పొర చర్మానికి 10 నుంచి 20 మిల్లీమీటర్ల లోతులోనే ఉంటుంది. సూదులేమో 30, 40, 50 మిల్లీమీటర్ల పొడవువి. కొంతమందికి రొమ్ముటెముక మధ్యలో పుట్టుకతోనే ఒక రంధ్రం ఉంటుంది. దాని వెనక గుండె. పైనుంచి తడిమితే ఎముకలాగే తగులుతుంది, తేడా తెలియదు.

2013లో అమెరికా ఫ్రీస్టైల్ స్కీయింగ్ క్రీడాకారుడు టోరిన్ యేటర్ వాలెస్‌కి డ్రై నీడ్లింగ్ చేస్తే ఊపిరితిత్తి కుప్పకూలింది. సోచీ ఒలింపిక్స్‌కి కొన్ని నెలలే ఉంది. కోలుకుని వెళ్లాడు కానీ, ఆ సంఘటన తర్వాత ఈ చర్చ పత్రికల్లోకి ఎక్కింది.

ఇంతగా చెప్పాక రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఐర్లాండ్‌లో 39 మంది ఫిజియోలు 7,629 సిట్టింగుల వివరాలు నమోదు చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. సుమారు 19 శాతం సిట్టింగుల్లో కమిలిపోవడం, చుక్క రక్తం రావడం, కాస్త నొప్పి లాంటివి కనిపించాయి. పెద్ద ప్రమాదం ఒక్కటీ లేదు. 2020లో 420 మంది థెరపిస్టులతో, 20,494 సిట్టింగులతో వచ్చిన ఇంకో అధ్యయనంలో చిన్న ఇబ్బందులు 36.7 శాతం, పెద్దవి 20 సార్లు, అంటే 1,024 సిట్టింగులకి ఒకటి. ఆ పెద్దవాటిలో స్పృహ తప్పడం, సూదిని ఒంట్లో మర్చిపోవడం లాంటివి కూడా ఉన్నాయి. ప్రమాదం అరుదే. కానీ రెండు చోట్లా లెక్క రాసింది సూది పెట్టినవాళ్లే అన్నది మర్చిపోకూడదు. నేనైతే ఈ అంకెల్ని చూసి ధైర్యం తెచ్చుకుంటాను, నిర్లక్ష్యం తెచ్చుకోను.

మన దగ్గర

నేను డ్రై నీడ్లింగ్ నేర్చుకున్నది హైదరాబాద్‌లో, ఒక హోటల్ హాల్లో, మూడు రోజుల వర్క్‌షాప్‌లో. మసాజ్ టేబుళ్లు ఎనిమిదో తొమ్మిదో, మనుషులం నలభై మందికి పైనే. నేర్పినాయనకి విషయం బాగా తెలుసు, మనసుపెట్టి చెప్పారు. కానీ ఒక్కడు నలభై జతల చేతుల్ని ఎలా చూస్తాడు? ఒకరికొకరం సూదులు పెట్టుకున్నాం. నా భాగస్వామి భుజం మీద నేను రెండోసారి సూది తోస్తున్నప్పుడు నా ఎడమచెయ్యి జారింది. ఎత్తి పట్టుకున్న కండరం వేళ్లలోంచి వదిలిపోయింది. సూదిని వెంటనే బయటికి లాగేశాను. ఏమీ కాలేదు. కానీ ఆ సంగతి మా ఇద్దరికి తప్ప హాల్లో ఎవరికీ తెలియదు. ఆదివారం సాయంత్రం అందరికీ ఒకే రకం సర్టిఫికెట్ ఇచ్చి ఫోటో తీశారు. మూడు రోజుల్లో నా చేత్తో నేను ఎన్ని సూదులు పెట్టానో, అందులో ఎన్ని సరిగా పడ్డాయో ఎవరూ రాయలేదు. ఆ తర్వాత ఆరు నెలలు చేతులకి, కాళ్లకి తప్ప ఎవరికీ సూది పెట్టలేదు. ఒక సీనియర్ పక్కన నిలబడి చూస్తానన్నాకే భుజం జోలికి వెళ్లాను.

మన దేశంలో ఫిజియోథెరపీని 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం కిందికి తెచ్చారు. డ్రై నీడ్లింగ్‌కి ఇన్ని గంటలు కావాలని చెప్పే చట్టమైతే మనకి లేదు. విజయవాడలోనో కూకట్‌పల్లిలోనో సూది పెట్టే ఫిజియో దగ్గర ఎంత శిక్షణ ఉందో తెలుసుకోవాలంటే అడగడం ఒక్కటే దారి. ఇక్కడ ఫిజియోథెరపీ డిగ్రీ, బీపీటీ, చదివి అమెరికా వెళ్లే మన పిల్లలు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడి మూడు రోజుల సర్టిఫికెట్ చూపించి, నాకు నీడ్లింగ్ వచ్చు అని అక్కడ మొదలుపెడితే లైసెన్స్‌కే ముప్పు. వెళ్లబోయే రాష్ట్రం బోర్డు నియమాలు చదవడం ఎన్‌పీటీఈకి చదవడమంత ముఖ్యం.

అడిగేవాళ్లు ఏం అడగాలి? ఎన్ని గంటలు నేర్చుకున్నారు అని అడగకండి, జవాబు వినడానికి బాగుంటుంది కానీ పెద్దగా ఏమీ చెప్పదు. నాకు నొప్పి ఉన్న ఈ భాగంలో సూది పెట్టడం ప్రత్యేకంగా నేర్చుకున్నారా, ఎవరైనా పక్కనుండి చూశారా, ఇప్పటికి ఎంతమందికి ఇక్కడ పెట్టారు అని అడగండి. రక్తం పల్చబడే మందులు వేసుకుంటుంటే, గర్భిణి అయితే, వాళ్లు అడక్కముందే చెప్పండి. సీల్ ఉన్న సూదుల ప్యాకెట్‌ని మీ కళ్లముందే విప్పాలి, వాడినవి గట్టి డబ్బాలో పడాలి, పెట్టినవెన్నో తీసినవెన్నో లెక్క సరిపోవాలి. ఛాతీ, భుజం, వెన్ను పైభాగంలో పెట్టించుకున్న తర్వాత ఆయాసం వచ్చినా, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు వచ్చినా, ఆగని పొడిదగ్గు మొదలైనా, అది కొన్ని గంటల తర్వాత అయినా సరే, థెరపిస్టుకి మెసేజ్ పెట్టి కూర్చోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. సూది పెట్టించుకున్న సంగతి అక్కడి డాక్టరుకి మొదట చెప్పండి.

మొన్న తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు. రెడ్మండ్ థెరపిస్టు తన పర్యవేక్షణ సిట్టింగులు మొదలుపెట్టారట, వీణ్ని ఒప్పుకుంటావా అని అడిగారట. ఆమె చెయ్యి పక్కనే ఇంకో పెద్దాయన కూర్చుని, ఆమె వేళ్ల పట్టు సరిచేసి, ఇంకాస్త ఎత్తి పట్టుకో అన్నాడట. ప్రతి సూదికీ ఒక గడి ఉన్న కాగితం మీద ఏదో రాసుకున్నారట. "ఆమె 150లో నాది 38వది అక్కా" అన్నాడు.